పార్కింగ్ లాట్‌లో ఆరాధన: చిన్న ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్‌తో డ్రైవ్-ఇన్ సర్వీస్ పెట్టుకోవడం ఎలా

అమెరికాలో మన తెలుగు సంఘాల్లో చాలావాటికి సొంత చర్చి ఉండదు. పొద్దున అమెరికన్ సంఘం ఆరాధన ముగిశాక మధ్యాహ్నం అదే హాలు అద్దెకు తీసుకుని మనం కూడుకుంటాం. మామూలు ఆదివారాలకు సరిపోతుంది కానీ ఈస్టర్, క్రిస్మస్ వచ్చేసరికి హాలు చాలదు, ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లు అంతమంది మధ్య అంతసేపు కూర్చోలేరు, ఫ్లూ సీజన్‌లో అయితే కీమో తీసుకుంటున్నవాళ్లనీ పసిపిల్లల తల్లులనీ రమ్మనడానికే భయం వేస్తుంది. హాలు ఎంత ఇరుకైనా బయట పార్కింగ్ లాట్ మాత్రం ఈ దేశంలో విశాలంగానే ఉంటుంది. అందులో ఎవరి కారులో వాళ్లు కూర్చుని, కారు రేడియోలోనే పాటలూ ప్రసంగమూ వినే ఆరాధన పెట్టుకోవచ్చు. దానికి కావాల్సింది అరచేతిలో పట్టేంత ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్, సౌండ్ మిక్సర్ నుంచి ఒక వైరు, ఒక ఖాళీ ఫ్రీక్వెన్సీ. హద్దులో ఉన్నంతవరకు లైసెన్స్ అక్కర్లేదు. ఆ హద్దు ఏమిటి, దాన్ని దాటకుండా చివరి వరసలో ఉన్న కారుకి కూడా శుభ్రంగా ఎలా వినిపించాలి అన్నదే ఇక్కడ రాస్తున్నాను.

ఇది కోవిడ్‌తో పుట్టిన ఆలోచన కాదు. 1955లో రాబర్ట్ షూలర్ అనే పాస్టర్ కాలిఫోర్నియాలో ఆరెంజ్ డ్రైవ్-ఇన్ థియేటర్ అద్దెకు తీసుకుని, అక్కడి స్నాక్ బార్ పైకప్పు మీద నిలబడి ప్రసంగించడం మొదలుపెట్టాడు, ఆయన భార్య ఆర్వెల్లా ఆర్గన్ వాయించేది. ఫ్లోరిడాలో డేటోనా బీచ్‌లో అంతకంటే ముందే, 1953లోనే, డ్రైవ్-ఇన్ చర్చి మొదలైంది. ఆ రోజుల్లో స్తంభానికి ఉన్న చిన్న స్పీకర్‌ను తీసి కారు కిటికీకి తగిలించుకునేవాళ్లు, రేడియో తర్వాత వచ్చింది. 2020 వసంతంలో చర్చిలు మూతపడ్డప్పుడు దేశమంతా ఈ పద్ధతి మీద పడింది. మిసిసిపీలోని గ్రీన్‌విల్‌లో కార్లలో కూర్చుని వింటున్నవాళ్లకి పోలీసులు తలా 500 డాలర్ల టికెట్లు రాశారు, తర్వాత నగరం వెనక్కి తగ్గింది. అదే వారం కెంటకీలోని లూయివిల్‌లో ఈస్టర్‌కి ఒక్కరోజు ముందు ఫెడరల్ జడ్జి డ్రైవ్-ఇన్ ఆరాధనను ఆపడానికి వీల్లేదని ఉత్తర్వు ఇచ్చాడు. ఆ గొడవలన్నీ జనం గుమిగూడటం గురించి. రేడియో చట్టం అప్పుడూ మారలేదు, ఇప్పుడూ అదే ఉంది. మనం తెలుసుకోవాల్సింది దాని గురించే.

చట్టం ఏమంటుంది

అమెరికాలో రేడియో తరంగాల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ. దాని నిబంధనల్లో పార్ట్ 15 అని ఒక భాగం ఉంది. లైసెన్స్ లేకుండా వాడుకునే చిన్నాచితకా రేడియో పరికరాలన్నీ దాని కిందికే వస్తాయి, ఫోన్‌లో పాటలు కారు రేడియోలో వినడానికి సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టుకునే బుల్లి పరికరంతో సహా. 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న ఎఫ్ఎం బ్యాండ్‌లో పార్ట్ 15 పెట్టిన పరిమితి ఇది: ట్రాన్స్‌మిటర్ నుంచి 3 మీటర్ల దూరంలో కొలిస్తే సిగ్నల్ బలం మీటరుకు 250 మైక్రోవోల్టులు దాటకూడదు. మామూలు మాటల్లో చెప్పాలంటే సుమారు 200 అడుగులు, అంటే 60 మీటర్ల దాకా వినిపిస్తుంది.

ఈ లెక్కలో వాట్ల ప్రస్తావనే లేదు చూడండి. ఆ హద్దును వాట్లలోకి మార్చి చూస్తే, ఒక వాట్‌ని 5 కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక్క భాగం పాటి. అందుకే ఆన్‌లైన్‌లో అరవాట్, 7 వాట్లు, 15 వాట్లు అని రాసి అమ్మే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్లు, బొమ్మ కింద "చర్చిలకు, డ్రైవ్-ఇన్‌లకు" అని ఎంత అందంగా రాసినా, లైసెన్స్ లేకుండా అమెరికాలో ఆన్ చేయడమే నేరం. పవర్ తగ్గించే బటన్ ఉంది కదా, అన్నిటికంటే తక్కువలో పెడతాం అంటారు కొందరు. ఆ తక్కువ కూడా మన హద్దుకి లక్షల రెట్లు ఎక్కువే. 2020 జనవరిలో వచ్చిన పైరేట్ యాక్ట్ ప్రకారం అక్రమ ప్రసారానికి రోజుకు లక్ష డాలర్ల దాకా, మొత్తం 20 లక్షల డాలర్ల దాకా జరిమానా పెట్టారు, ఆ అంకెలు తర్వాత ఇంకా పెరిగాయి. తెలిసి స్థలం ఇచ్చిన యజమానినీ వదలరు, అంటే మనకి హాలు అద్దెకిచ్చిన అమెరికన్ సంఘం కూడా ఇరుక్కుంటుంది. వాళ్ల దయ మీద నడుస్తున్న సంఘాలు మనవి, ఆ పని మాత్రం చేయకండి.

జరిమానా పక్కన పెట్టినా అసలు భయం వేరే ఉంది. ఎఫ్ఎం బ్యాండ్ 108 దగ్గర ఆగితే అక్కడి నుంచే విమానాల బ్యాండ్ మొదలవుతుంది, రన్‌వే దిశ చూపించే సిగ్నళ్లు సరిగ్గా 108 నుంచి 112 మధ్య ఉంటాయి. చవక ట్రాన్స్‌మిటర్లు తమ ఫ్రీక్వెన్సీతో ఆగకుండా అటూ ఇటూ చెత్త సిగ్నళ్లు చిమ్ముతుంటాయి. డాలస్, అట్లాంటా, నెవార్క్ చుట్టుపక్కల విమానం వెళ్లని ఆకాశం ఉందా? మన పాట వినిపించడం కోసం పైలట్‌కి ఆటంకం కలిగించే హక్కు మనకు లేదు.

పార్ట్ 15లో ఇంకో మాట ఉంది. మన వల్ల ఎవరికీ ఆటంకం రాకూడదు, మనకి ఎవరి వల్లయినా ఆటంకం వస్తే మాత్రం భరించాలి. పక్కింటావిడ తను రోజూ వినే స్టేషన్ ఆదివారం సరిగా రావట్లేదని చెబితే వాదన పెట్టుకోకుండా ఫ్రీక్వెన్సీ మార్చుకోవాల్సింది మనమే.

ఏది కొనాలి

కొనేముందు ఒక్కటే చూడండి: పరికరం మీద ఎఫ్‌సీసీ ఐడీ ఉండాలి. అది ఉందని అమ్మేవాడు చెబితే చాలదు, ఆ నంబర్‌ను ఎఫ్‌సీసీ వెబ్‌సైట్‌లో కొట్టి, అదే మోడల్‌కి ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్‌గానే అనుమతి ఉందో లేదో చూసుకోండి. లోపలున్న బ్లూటూత్ చిప్‌కి తీసుకున్న ఐడీని పెట్టె మీద అంటించి అమ్మేవాళ్లుంటారు. ఇళ్లలో వాడుకునే హోల్ హౌస్ ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ లాంటివి సరైన అనుమతి ఉన్న కోవలోవే. యాంటెన్నా పరికరానికే బిగించి ఉంటుంది, దాన్ని పీకి పెద్దది పెట్టడం, లోపల విప్పి పవర్ పెంచే స్క్రూ తిప్పడం లాంటివి చేశారంటే ఆ సర్టిఫికెట్ చెల్లదు. యూట్యూబ్‌లో అలాంటి వీడియోలు బోలెడున్నాయి, వాటి జోలికి వెళ్లొద్దు.

ఏఎం సంగతి కూడా చెప్పాలి. ఏఎం బ్యాండ్‌లో పార్ట్ 15 కొలత వేరు: చివరి దశకి వెళ్లే పవర్ 100 మిల్లీవాట్లు, యాంటెన్నా, దానికి వెళ్లే వైరు, ఎర్త్ వైరు అన్నీ కలిపి 3 మీటర్లు దాటకూడదు. ఎర్త్ సరిగ్గా కుదిరితే ఏఎం ఎఫ్ఎం కంటే ఎక్కువ దూరమే పోతుంది, ఇల్లు అమ్మేవాళ్లు గుమ్మం ముందు వాడే టాకింగ్ హౌస్ ట్రాన్స్‌మిటర్ ఈ రకమే. కానీ సంగీతం ఏఎంలో అంత బావుండదు, చీకటి పడ్డాక ఎక్కడెక్కడి స్టేషన్లూ వచ్చి మీద పడతాయి, పైగా టెస్లా లాంటి కొన్ని ఎలక్ట్రిక్ కార్లలో ఏఎం రేడియోనే ఉండదు, మనవాళ్ల పార్కింగ్‌లో టెస్లాలు ఎన్ని ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. నా ఓటు ఎఫ్ఎంకే.

లాట్ మరీ పెద్దదై, వందల కార్లు వస్తాయనుకుంటే, మీ ఊళ్లో ఎల్‌పీఎఫ్ఎం స్టేషన్ ఏదైనా ఉందేమో వాకబు చేయండి. అవి 100 వాట్ల దాకా లైసెన్స్ ఉన్న, లాభాపేక్ష లేని చిన్న స్టేషన్లు, వాటిలో చర్చిలు నడిపేవీ ఉన్నాయి. ఈస్టర్ పొద్దున ఒక గంట మీ ఆరాధన ప్రసారం చేస్తారా అని అడగడంలో తప్పు లేదు. మనమే లైసెన్స్ తీసుకుందామంటే మాత్రం ఎఫ్‌సీసీ దరఖాస్తులు తీసుకునేది ఎన్నో ఏళ్లకోసారి, ఈమధ్య తీసుకున్నది 2023 డిసెంబర్‌లో.

ఖాళీ ఫ్రీక్వెన్సీ వెతకడం

అమెరికాలో ఎఫ్ఎం స్టేషన్లన్నీ దశాంశం తర్వాత బేసి అంకెతో ఉంటాయి: 88.1, 88.3, అలా 107.9 వరకు. కొన్ని కారు రేడియోలు సరి అంకెల మీద అసలు ఆగవు కాబట్టి మీరూ బేసి అంకే తీసుకోవాలి. 87.9 ఖాళీగా ఉంది కదా అని దాని మీద కూర్చునేవాళ్లున్నారు, అది 88 కింద ఉంది కనుక పార్ట్ 15 మనకిచ్చిన బ్యాండ్‌లో లేదు. 88.1 నుంచి మొదలుపెట్టండి.

రేడియో-లొకేటర్ అనే సైట్‌లో మీ జిప్ కోడ్ ఇస్తే ఆ చుట్టుపక్కల ఖాళీగా ఉన్న ఫ్రీక్వెన్సీలు చూపిస్తుంది. అది ఆరంభం మాత్రమే. అందులోంచి నాలుగైదు రాసుకుని, ఆరాధన జరిగే లాట్‌లోనే, ఆరాధన జరిగే వేళకే, కారులో కూర్చుని ఒక్కొక్కటీ విని చూడండి. సీక్ బటన్ కాకుండా ట్యూన్ బటన్‌తో వెళ్లండి, సీక్ బలహీనమైన స్టేషన్లను దాటేస్తుంది. మీకు కావాల్సింది ఒకే తీరుగా స్స్స్ అనే చప్పుడు, వెనకాల ఎక్కడా మాటా పాటా వినపడకూడదు. తర్వాత దానికి అటూ ఇటూ 0.2, 0.4 దూరంలో బలమైన స్టేషన్ ఏదీ లేదని చూసుకోండి, ఉంటే మన చిన్న గొంతు దాని కింద నలిగిపోతుంది. ఎఫ్ఎం గుణమే అంత, ఒకే ఫ్రీక్వెన్సీ మీద రెండు సిగ్నళ్లు ఉంటే రేడియో బలమైనదాన్నే పట్టుకుని రెండోదాన్ని పూర్తిగా వదిలేస్తుంది. ఖాళీ ఫ్రీక్వెన్సీ మీద మన బుల్లి సిగ్నల్ కూడా స్టేషన్‌లాగే వినిపించేది ఈ గుణం వల్లే.

ఎండాకాలం తెల్లవారుజామున, ముఖ్యంగా హ్యూస్టన్ లాంటి సముద్రం దగ్గరి ఊళ్లలో, గాలి పొరల వల్ల వందల మైళ్ల అవతలి స్టేషన్లు అప్పుడప్పుడు వచ్చి పడతాయి. అందుకని రెండో ఫ్రీక్వెన్సీ ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకుని, బోర్డు మీద అంకె మార్చే వీలుండేలా రాయించండి.

ట్రాన్స్‌మిటర్ ఎక్కడ పెట్టాలి

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. రేంజ్ చాలట్లేదని పవర్ పెంచాలనుకునేవాళ్లలో చాలామందికి నిజానికి ఉన్న ఇబ్బంది పవర్ కాదు. ట్రాన్స్‌మిటర్‌ను హాలు లోపల సౌండ్ టేబుల్ మీద, మిక్సర్ పక్కన పెడతారు. చుట్టూ ఇటుక గోడ, పైన రేకు కప్పు, టేబుల్ మీద పవర్ అడాప్టర్లు, ల్యాప్‌టాప్. సగం సిగ్నల్ అక్కడే చస్తుంది.

మనకున్నది 60 మీటర్ల వ్యాసార్ధంతో ఒక వృత్తం అనుకోండి. ట్రాన్స్‌మిటర్ హాలు గోడకి ఆనించి ఉంటే ఆ వృత్తంలో సగం హాలు మీదా వెనకున్న చెట్ల మీదా వృథాగా పోయి, లాట్‌కి మిగిలేది అరచక్రమే. అదే పెట్టెను లాట్ నడిమధ్యకి తీసుకెళితే మొత్తం వృత్తమూ కార్ల మీదే ఉంటుంది, 120 మీటర్ల లాట్‌కి ఈ చివర నుంచి ఆ చివర దాకా సరిపోతుంది. పైసా ఖర్చు లేకుండా, చట్టం దాటకుండా, వినిపించే జాగా రెట్టింపు. కార్ల మధ్య దారులు, ప్రసంగించేవాళ్లు కనిపించేలా వదిలే ఖాళీలు అన్నీ తీసేసినా వంద కార్లు హాయిగా పడతాయి.

రెండోది ఎత్తు. కార్లంటే ఇనుమే కదా, సిగ్నల్ వాటి కప్పుల పైనుంచి వెళ్లాలి. 8 నుంచి 10 అడుగుల కర్ర లేదా పీవీసీ పైపు తీసుకుని, బరువైన స్టాండ్‌లో నిలిపి, పైన ప్లాస్టిక్ డబ్బాలో ట్రాన్స్‌మిటర్ బిగించండి. ఇనుప పైపు, ఇనుప డబ్బా వద్దు. యాంటెన్నా నిలువుగా ఉండాలి, ఎందుకంటే కార్ల యాంటెన్నాల్లో ఎక్కువ భాగం నిలువు సిగ్నల్‌నే బాగా పట్టుకుంటాయి. డబ్బా మూత కింద వైరు బయటికొచ్చే చోట వాన నీళ్లు కారకుండా వైరును కిందికి ఒక వంపు తిప్పి పైకి తీసుకెళ్లండి.

సౌండ్ అక్కడిదాకా ఎలా వస్తుందన్నది తర్వాతి ప్రశ్న. మిక్సర్ నుంచి మైక్‌లకు వాడే ఎక్స్ఎల్ఆర్ కేబుల్ 200 అడుగులు లాగినా ఏమీ కాదు. ఇళ్లలో వాడే సన్న ఆడియో వైరు అంత దూరం లాగితే గుయ్యిమని మోత వస్తుంది. ఎక్స్ఎల్ఆర్ కేబుల్‌ను కర్ర దాకా తెచ్చి, అక్కడ మోత రాకుండా ఆపే చిన్న ఆడియో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి పెట్టి, దాని నుంచి అడుగు పొడవు వైరుతో ట్రాన్స్‌మిటర్‌కి ఇవ్వండి. నేల మీద పోయే కేబుల్ మీద కార్లెక్కుతాయి కాబట్టి దారి అడ్డంగా వచ్చేచోట రబ్బరు ర్యాంప్ వేయాలి. ట్రాన్స్‌మిటర్‌కి కరెంటు మాత్రం పవర్ బ్యాంక్ నుంచి ఇవ్వడమే మేలు: ఎక్స్‌టెన్షన్ కార్డ్ పని తప్పుతుంది, అడాప్టర్ నుంచి వచ్చే గరగర కూడా ఉండదు.

ఇంకా సులువైన దారి ఉంది, స్టేజీనే లాట్ మధ్యలో పెట్టేయడం. ట్రక్ వెనక తగిలించే ట్రెయిలర్ ఒకటి దొరికితే దాని మీదే పాస్టర్‌గారు, కీబోర్డు, మిక్సర్, ట్రాన్స్‌మిటర్ అన్నీ ఒకేచోట. అప్పుడు పది అడుగుల వైరు చాలు. కార్లు మూడు వైపులా నిలుస్తాయి, అందరికీ ముఖం కనిపిస్తుంది.

దూరం చాలట్లేదని అదే ఫ్రీక్వెన్సీ మీద రెండో ట్రాన్స్‌మిటర్ పెట్టకండి. రెండూ కలిసే చోట ఉన్న కార్లకి ఏదీ వినపడదు.

సౌండ్ సరిచేయడం

మిక్సర్‌లో మెయిన్ అవుట్ కాకుండా ఆక్స్ అవుట్ వాడండి, అప్పుడు రేడియోకి వెళ్లే కలయిక మీ చేతిలో ఉంటుంది. హాల్లో డ్రమ్స్‌కి మైక్ లేకపోయినా వినిపిస్తాయి, రేడియోకి ఏది మైక్‌లో పడితే అదే. కారులో గొంతు ముందుండాలి, వాయిద్యాలు వెనక. ట్రాన్స్‌మిటర్‌లో మోనో ఎంచుకునే వీలుంటే మోనోలోనే పెట్టండి, సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట స్టీరియోలో వచ్చే స్స్ చప్పుడు మోనోలో చాలా తగ్గిపోతుంది, ప్రసంగానికి స్టీరియోతో పనేముంది?

ప్రీ-ఎంఫసిస్ (పంపేముందు సన్నని ధ్వనులను కాస్త పెంచడం) అనే సెట్టింగ్ కనిపిస్తే అమెరికాలో 75 మైక్రోసెకన్లు ఉండాలి. యూరప్ కోసం చేసిన పెట్టెలు 50లో ఉంటాయి, అలాగే వదిలేస్తే మాట మొద్దుగా, దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు వస్తుంది.

లెవెల్ ఎంత పెట్టాలో చెప్పడానికి మీటర్ కంటే కారే నయం. ఊళ్లో బాగా వచ్చే స్టేషన్ ఒకటి పెట్టి వాల్యూమ్ ముట్టుకోకుండా మీ ఫ్రీక్వెన్సీకి మారండి. రెండూ దాదాపు సమానంగా వినిపించాలి. మీది చిన్నగా ఉంటే జనం వాల్యూమ్ పెంచుతారు, పెంచేకొద్దీ చప్పుడూ పెరుగుతుంది. మీది ఎక్కువై పాస్టర్‌గారు గొంతెత్తినప్పుడు పగిలిపోతుంటే తగ్గించండి. మన ప్రసంగాల్లో గుసగుస నుంచి కేక దాకా అన్నీ ఉంటాయి కాబట్టి ఆ ఆక్స్ మీద సౌండ్ హెచ్చుతగ్గులను తగ్గించే కంప్రెసర్ పెట్టడం తప్పనిసరి, ఈరోజుల్లో దాదాపు డిజిటల్ మిక్సర్లన్నిటిలోనూ అది ఉంటుంది.

ఒక చిక్కు మాత్రం ముందే గమనించుకోండి. కొన్ని ట్రాన్స్‌మిటర్లు కాసేపు సౌండ్ ఏమీ రాకపోతే వాటంతటవే ఆగిపోతాయి. మౌన ప్రార్థన అనగానే అందరూ కళ్లు మూసుకుంటారు, నిమిషం దాటేసరికి కార్లన్నిటిలో స్స్ మని మోత మొదలవుతుంది. స్టేజీ మీద ఒక మైక్‌ను ఎప్పుడూ కొద్దిగా తెరిచి ఉంచితే గాలి చప్పుడో పక్షుల చప్పుడో పోతూ ఉంటుంది, ట్రాన్స్‌మిటర్ ఆగదు.

బయట పెద్ద స్పీకర్లు పెట్టొద్దు. రేడియో సిగ్నల్ అప్పటికప్పుడే చేరుతుంది, గాలిలో శబ్దం 100 మీటర్లు వెళ్లడానికి సెకనులో మూడో వంతు పడుతుంది. కిటికీ దించుకున్నవాళ్లకి ప్రతి మాటా రెండుసార్లు వినిపించి తలనొప్పి వస్తుంది. ఫోన్‌లో లైవ్ స్ట్రీమ్ పెట్టుకోవచ్చు కదా అంటే, అది ఎదురుగా కనిపిస్తున్న మనిషి కంటే ఎన్నో సెకన్లు వెనక ఉంటుంది, ఒకే పాట ఒక్కో కారులో ఒక్కోచోట నడుస్తుంది. అందరూ కలిసి ఒకే మాట ఒకేసారి పలకాలంటే రేడియోకి సాటి లేదు.

కొత్త సంఘానికి ఎవరైనా పాత కార్డ్‌లెస్ మైక్‌లు ఇస్తే వాటి ఫ్రీక్వెన్సీ కూడా చూడండి. 600 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌ను ఫోన్ కంపెనీలకి ఇచ్చేశారు, 2020 జూలై నుంచి అందులో ఎక్కువ భాగం మైక్‌లకి వాడకూడదు.

కార్లు, బ్యాటరీలు, మనుషులు

మామూలు ఆరాధన గంటన్నరకి కారు బ్యాటరీకి ఏమీ కాదు, హెడ్‌లైట్లు, ఫ్యాన్ ఆపి ఉంచితే. గుడ్ ఫ్రైడే వేరే కథ. ఏడు మాటలు, ఏడుగురు ప్రసంగీకులు, మధ్యలో పాటలు, మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా. పాత బ్యాటరీ ఉన్న కారు అన్నిసార్లు తట్టుకోదు. మూడో మాటకీ ఐదో మాటకీ మధ్య అందరినీ ఒక్క పది నిమిషాలు ఇంజన్ ఆన్ చేసుకోమని స్టేజీ మీద నుంచే చెప్పండి. టెక్సాస్‌లో ఏప్రిల్ మధ్యాహ్నం మూసిన కారు ఎంత వేడెక్కుతుందో తెలుసు కదా, పెద్దవాళ్లూ పిల్లలూ ఉన్న కార్లకి నీడ ఉన్న వరస కేటాయించండి. మిగతా సమయమంతా ఇంజన్లు ఆపి ఉండాలి, పక్క కారు పొగ కిటికీలోంచి లోపలికి వస్తుంది. జంపర్ కేబుల్స్ రెండు జతలు, వేసే మనిషి ఒకరు తప్పకుండా ఉండాలి.

బటన్ స్టార్ట్ కార్లలో బ్రేక్ తొక్కకుండా బటన్ నొక్కితే ఇంజన్ లేకుండా రేడియో వస్తుంది. ఇది చాలామందికి తెలియదు, లోపలికి వచ్చేటప్పుడు ఇచ్చే కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాయండి. కొన్ని కార్లలో రేడియో కాసేపటికి దానంతటదే ఆగుతుంది, మళ్లీ నొక్కాలి.

ఒక కారులో మాత్రం సౌండ్ తెగి తెగి వస్తోందంటే ట్రాన్స్‌మిటర్‌ని తిట్టకుండా ఆ కారుని అడుగో రెండడుగులో ముందుకి జరపమనండి. ఎఫ్ఎం తరంగం పొడవు 3 మీటర్లు, పక్క వ్యాన్ నుంచి తిరిగొచ్చిన సిగ్నల్ ఒకచోట అసలు సిగ్నల్‌ని కొట్టేస్తుంది, కాస్త జరిగితే చాలు సరైపోతుంది. ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పాట పోయి, కొంచెం ముందుకి కదలగానే రావడం ఇదే.

చిన్న కార్లు ముందు, ఎస్‌యూవీలు, వ్యాన్‌లు వెనక. రేడియో పాడైనవాళ్ల కోసం, రేడియోనే లేని కార్ల కోసం బ్యాటరీతో నడిచే పాకెట్ రేడియోలు అరడజను దగ్గర పెట్టుకోండి. ఆరాధనకి అరగంట ముందు నుంచి కీబోర్డు పాటలు నడుపుతూ, మధ్యమధ్యలో "ఈ మాట వినిపిస్తోందంటే మీ రేడియో సరిగ్గానే ఉంది" అని తెలుగులో, ఇంగ్లిష్‌లో చెప్పించండి. ఆమేన్ అనడానికి హారన్ కొట్టే అలవాటు అమెరికన్ డ్రైవ్-ఇన్‌లలో ఉంది, చుట్టూ ఇళ్లుంటే హారన్ వద్దని, లైట్లు ఆర్పి వెలిగించమని చెప్పండి. ప్రభువు బల్లకి మూత వేసిన చిన్న కప్పులు ముందే ప్రతి కారుకీ ఇవ్వడం, కానుకల పెట్టె బయటికెళ్లే దారిలో పెట్టడం సులువు. హాల్లో బాత్రూములు తెరిపించడం మర్చిపోవద్దు. స్థలం యజమాని నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, నగరం వాళ్లకి ముందుగా ఒక మాట చెప్పండి.

ముందురోజు రిహార్సల్ తప్పనిసరి, అది కూడా ఖాళీ లాట్‌లో కాకుండా ఐదారు కార్లు నిలిపి. ఒకరు పాకెట్ రేడియో పట్టుకుని నాలుగు మూలలకీ నడవాలి, ఎక్కడ తగ్గుతోందో అక్కడ సున్నంతో గీత గీయాలి. ఆ గీత అవతల కార్లు నిలపకండి.

వేరే దేశాల్లో ఉన్న తెలుగువాళ్లు ఇదే పెట్టె తెప్పించుకుని వాడేయొద్దు. బ్రిటన్‌లో లైసెన్స్ లేకుండా వాడే బుల్లి ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్లకి పరిమితి 50 నానోవాట్లు, అంతకు మించితే అక్కడి రేడియో నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ దగ్గర తాత్కాలిక లైసెన్స్ తీసుకోవాలి. కెనడాకి దాని సొంత కొలతలు, సొంత సర్టిఫికెట్లు ఉన్నాయి. ఆంధ్రా, తెలంగాణల్లో అయితే ఎఫ్ఎం బ్యాండ్‌లో సొంత ప్రసారానికి లైసెన్స్ లేకుండా దారి లేదు, బీహార్‌లో మన్సూర్‌పూర్ కుర్రాడు చేత్తో చేసి నడిపిన ఊరి ఎఫ్ఎం స్టేషన్‌ను జనం ఎంత ఇష్టపడ్డా 2006లో అధికారులు మూయించారు.

రెండు భాషలు, రెండు ఫ్రీక్వెన్సీలు

మన సంఘాలకి ప్రత్యేకంగా పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. ఇక్కడ పుట్టిన పిల్లలకి తెలుగు ప్రసంగం సగం కూడా అందదు, అమ్మమ్మలకి ఇంగ్లిష్ అందదు. హాల్లో అయితే ఒక్కో వాక్యానికీ అనువాదం చెప్పించాలి, ప్రసంగం రెండింతలవుతుంది. రేడియోలో ఆ అవసరం లేదు. 88.5 మీద తెలుగు, 89.5 మీద ఇంగ్లిష్ అనుకోండి, ఫ్రీక్వెన్సీల మధ్య ఈ మాత్రం దూరం ఉండాలి, రెండు పెట్టెల మధ్యా నాలుగైదు మీటర్ల ఎడం ఉండాలి. అనువాదం చెప్పే మనిషి హెడ్‌ఫోన్స్‌తో ఒక కారులో కిటికీలు మూసుకుని కూర్చుని, ప్రసంగం వింటూనే వేరే మైక్‌లో ఇంగ్లిష్‌లో చెబుతూ పోతారు. పాటలప్పుడు ఆ ఛానెల్‌కి కూడా స్టేజీ సౌండే ఇచ్చేయండి.

ఒకే కారులో తాతయ్యా మనవరాలూ ఉంటే కారు రేడియో తాతయ్యకి, పాకెట్ రేడియో ఇయర్‌ఫోన్స్‌తో మనవరాలికి. ఆ రేడియోల్లో ఇయర్‌ఫోన్ వైరే యాంటెన్నా, కాబట్టి దాన్ని చుట్టి జేబులో పెట్టుకోకుండా వదులుగా వేలాడనివ్వమని పిల్లలకి చెప్పండి. ఇచ్చేముందు ఫ్రీక్వెన్సీ మీరే పెట్టి, అంకె కనపడేలా వెనక టేపు అంటించి, తిరిగి తీసుకున్నాక బ్యాటరీలు తీసి విడిగా దాచండి, లోపలే వదిలేస్తే వచ్చే ఈస్టర్‌కి అవి కారి రేడియోలు పాడవుతాయి.